అమ్మే తేమ వేరు, దాచే తేమ వేరు

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉంటే బస్తా తూకానికి వెళ్తుంది. అదే బస్తాను ఇంటికి తెచ్చి కొట్టు గదిలో పెట్టామంటే రెండు మూడు నెలలు తిరక్కుండానే పురుగు పడుతుంది. ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్లే భీమిలి, ఆనందపురం, పద్మనాభం మండలాల్లో ఏటా ఎంతో తిండిగింజ, అంతకన్నా విలువైన విత్తనం పుచ్చిపోతున్నాయి. 17 శాతం అన్నది సర్కారు కొనడానికి పెట్టుకున్న హద్దు. ఆ ధాన్యం మిల్లుకు పోతుంది, అక్కడ దాని సంగతి మిల్లరు చూసుకుంటాడు. ఏడాది పొడుగునా తినడానికో, వచ్చే తొలకరికి నారు పోసుకోవడానికో మనం దాచుకునే వడ్లలో తేమ 12, 13 శాతం దాటకూడదు. మినుములు, పెసలు, ఉలవల్లాంటివి 9 శాతం దాకా ఆరాలి. వేరుశనగ కాయలు 8 శాతం.

నష్టం ఎంతో లెక్క కట్టుకుంటే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. 2025–26 సీజనుకు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా సుమారు 1777 రూపాయలు. పుచ్చినవి, రంగు మారినవి, మొలకెత్తినవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపి 5 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో నాణ్యత ప్రమాణం తప్పినట్టే. ధర పెరిగాక అమ్ముకుందామని నిలవ పెట్టిన కౌలు రైతుకు కౌలు, వడ్డీ పోను మిగిలేదే తక్కువ. అందులో పురుగుకు కూడా వాటా పెట్టే స్తోమతు అతనికి లేదు. దేశం మొత్తం మీద కోత మొదలు నిలవ దాకా తిండిగింజల్లో పోయేది 4.65 నుంచి 5.99 శాతమనీ, పప్పుధాన్యాల్లో 6.36 నుంచి 8.41 శాతమనీ 2015లో భారత వ్యవసాయ పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. ఇది సగటు మాత్రమే. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం ఇంకాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

కారణం గాలి. గింజ ఎంత బాగా ఆరినా చుట్టూ ఉన్న గాలిలోని చెమ్మను మళ్లీ పీల్చుకుంటుంది. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. అలాంటి గాలి తగిలేచోట గోనె సంచిలో పెడితే 12 శాతానికి ఆరబెట్టిన వడ్లు కూడా మెల్లగా 13కు, 14కు చేరతాయి. పురుగుకు కావలసింది అదే. 25 నుంచి 35 డిగ్రీల వేడి, గింజలో కొంచెం తేమ దొరికాయా, ఇక దాని సంతతికి అడ్డుండదు. లోపలి మెట్ట ఊళ్లలో పనికొచ్చిన పద్ధతి గోస్తనీ ముఖద్వారం దగ్గర పనికి రాకపోవడానికి కారణం ఇదే. మన దగ్గర ఆరబెట్టడం సగం పని మాత్రమే. ఆరిన గింజకు మళ్లీ గాలి తగలకుండా చూడటం మిగతా సగం.

ముందు ఆరబెట్టడం సంగతి. వడ్లను రెండు మూడు అంగుళాల మందానికి మించకుండా బరకం మీదో, గచ్చు కళ్లంలోనో పరిచి గంటకోసారి కాళ్లతోనో పారతోనో కలియబెట్టాలి. డిసెంబరు ఎండకు మూడు నాలుగు రోజులు పడుతుంది. సాయంత్రం మంచు దిగేలోపు కుప్ప చేసి కప్పేయాలి. లేకపోతే పగలంతా పోయిన తేమ రాత్రికి తిరిగొస్తుంది. ఎండలో కాలిన గింజను వేడి వేడిగా గోతాంలో పోసి దబ్బనంతో కుట్టేస్తే లోపల చెమ్మ పట్టి, అక్కడే బూజు మొదలవుతుంది. నీడన చల్లారనిచ్చి అప్పుడు ఎత్తాలి.

రోడ్ల మీద ఆరబెట్టడం మాత్రం మానుకోండి. వాహనాలకు ప్రమాదం అన్నది ఒక కారణం. రెండోది చాలామందికి తట్టదు. చక్రాల కింద పడ్డ గింజకు పొట్టు పగులుతుంది. పొట్టు పగలని వడ్ల గింజలోకి ముక్కు పురుగు దూరడం కష్టం, పగిలిన దాంట్లోకి సులువు. కోత యంత్రం సరిగ్గా బిగించకపోయినా ఇదే జరుగుతుంది. కాబట్టి యంత్రం పొలంలో దిగినప్పుడే గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని చూడండి. పొట్టు ఊడినవి ఎక్కువగా కనిపిస్తే డ్రైవరుకు చెప్పి వేగం తగ్గించమనండి.

తేమ చూసే మీటరు రైతు సేవా కేంద్రంలో ఉంటుంది, అడిగి చూపించుకోవచ్చు. అది అందుబాటులో లేనప్పుడు పంటి కింద కటుక్కుమని విరగాలన్న పాత పరీక్ష ఉండనే ఉంది. ఇంకొంచెం నమ్మకమైనది ఉప్పు పరీక్ష. ఉప్పును పెనం మీద వేయించి చెమ్మ లేకుండా చేయండి. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు దాకా వడ్లు పోసి, రెండు మూడు చెంచాల ఆ ఉప్పు వేసి, మూత బిగించి బాగా కుదపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోతే 15 లోపు వచ్చిందని మాత్రమే అర్థం. దాచడానికి ఇంకో ఎండ పెట్టాల్సిందే.

పురుగు ఎక్కడి నుంచి వస్తుంది

చాలా ఇళ్లలో పురుగు గాల్లోంచి ఊడిపడ్డట్టు అనుకుంటారు. అది మనమే తెచ్చుకున్నది. పాత గోతాంలో, గోడ నెర్రెలో, గాదె అడుగున మిగిలిన నిరుటి గింజలో అది కాచుకుని ఉంటుంది.

ముక్కు పురుగునే తీసుకోండి. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవు, ముదురు గోధుమ రంగు, వీపు మీద నాలుగు ఎర్రటి మచ్చలు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. ఆడపురుగు ఆ ముక్కుతో గింజకు సన్నని గుంట తొలిచి, అందులో ఒక్క గుడ్డు పెట్టి, జిగురుతో మూత వేసేస్తుంది. పైకి గింజ చక్కగా కనిపిస్తుంది. లోపల పుట్టిన పిల్ల గింజను తింటూ అక్కడే పెరిగి, అక్కడే నిద్రావస్థలోకి వెళ్లి, దాదాపు నెల రోజులకు పురుగై రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. ఒక్కో ఆడపురుగు మూడు వందల గుడ్ల దాకా పెడుతుంది. మన కంటికి మొదటి పురుగు కనిపించే నాటికి ఎన్నో గింజల లోపల రెండో తరం పెరుగుతూ ఉంటుందన్నమాట. చేటలో చెరిగి పైకొచ్చిన పురుగుల్ని పారబోస్తే పని అయిపోయిందనుకోవడం అందుకే తప్పు.

నుసి పురుగు ఇంకా చిన్నది, తల కిందికి వంచుకుని నున్నగా గుండ్రంగా ఉంటుంది. దాని తిండికన్నా అది చేసే పిండి ఎక్కువ. బస్తా కదిపితే తెల్లటి దుమ్ము రాలుతోందంటే అది చేరినట్టే. వడ్ల చిలక అన్న సన్న రెక్కల పురుగు పొలంలోనే పండిన కంకుల మీద గుడ్లు పెట్టి ఇంటిదాకా వస్తుంది. అయితే అది కుప్పలో పైపొరను దాటి లోతుకు వెళ్లలేదు. ఎర్ర పిండి పురుగుకు నిండు గింజను కొరికే శక్తి లేదు. నూకలు, పిండి, ఇతర పురుగులు పాడుచేసిన గింజ దానికి ఆహారం. అది చేరిన పిండికి ఒక ఘాటు కంపు వస్తుంది. ఆ పిండి వండుకోవద్దు.

మన చోళ్ల విషయంలో మాత్రం పెద్ద బెంగ అక్కర్లేదు. గింజ చాలా చిన్నది కాబట్టి పురుగుకు లోపల కాపురం కుదరదు. పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తాయి.

గోతాం సంగతి

గోనెకూ ఈ ఊరికీ పాత బంధం. బిమ్లి జూట్ అని వ్యాపారులు పిలిచిన గోగునారకు ఆ పేరు భీమునిపట్నం రేవు వల్ల వచ్చింది. చిట్టివలస జూట్ మిల్లు మీద ఎన్ని కుటుంబాలు బతికాయో తగరపువలసలో ఎవరినడిగినా చెబుతారు. మిల్లు మూతబడింది గానీ గోతాం మన ఇళ్లలోంచి పోలేదు. నిలవ సరుకుకు పురుగును మోసుకొచ్చే వాటిలో మొదటిది ఈ పాత గోతామే.

ఒకసారి ఇది చేసి చూడండి. నిరుడు వాడిన గోతాన్ని తిరగేసి, అడుగు కుట్టు దగ్గర పట్టుకుని, తెల్లగుడ్డ మీద నాలుగు దెబ్బలు కొట్టండి. కాస్త నుసి, ఒకటి రెండు గోధుమ రంగు నలుసులు రాలతాయి. కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. కదలకుండా నిమిషం సేపు చూడండి, ఒక్కోటీ లేచి నడవడం మొదలుపెడుతుంది. ఆ కుట్టు మడతలో మిగిలిన పది గింజలు చాలు, వాటికి వర్షాకాలం గడిచిపోవడానికి.

పాత గోతాలను మరిగే నీళ్లలో పావుగంట ముంచి, తీసి, రెండు ఎండలు బాగా ఎండనివ్వాలి. ఖర్చు లేని పని, మందుకన్నా గట్టి పని. చిరిగిన చోట పురికొసతో కుట్టేయండి. పొరుగింటి నుంచో, రేషన్ దుకాణం నుంచో, కోళ్ల దాణా కొట్టు నుంచో తెచ్చిన సంచుల్ని ఇలా శుద్ధి చేయకుండా కొత్త ధాన్యం దరిదాపుల్లోకి రానివ్వకండి. కొత్త ధాన్యాన్ని పాత ధాన్యంతో కలపడం, పక్కపక్కనే పెట్టడం కూడా అంతే. పాతవి ముందు తినేయండి, లేదా అమ్మేయండి.

గది విషయం త్వరగా చెబుతాను. కోతకు పది రోజుల ముందే ఖాళీ చేసి, మూలలు, అటక, తలుపు చట్రం వెనక అంతా ఊడ్చి, ఊడ్చినదాన్ని పెంట మీద పడేయకుండా తగలబెట్టండి. నెర్రెలు సిమెంటుతోనో మట్టితోనో పూడ్చి సున్నం వేయండి. గతేడాది పురుగు బాగా పట్టిన గది అయితే, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే, డెల్టామెత్రిన్ 2.5 శాతం పొడి మందును లీటరు నీటికి 40 గ్రాముల చొప్పున కలిపి గోడలకూ నేలకూ కొట్టవచ్చు. వంద చదరపు మీటర్లకు మూడు లీటర్ల ద్రావణం సరిపోతుంది. ముందు రైతు సేవా కేంద్రంలో అడిగి కొట్టండి. గింజ మీద మాత్రం చుక్క పడకూడదు. గోదాముల్లో ఒకప్పుడు విరివిగా వాడిన డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత సీసా ఇంట్లో ఉన్నా వాడొద్దు.

బస్తాలు నేల మీద పెట్టకండి. చెక్కలో, వెదురు తడికలో వేసి, నేలకు జానెడు ఎత్తున, గోడకు అడుగున్నర ఎడంగా వరసలు పేర్చండి. ఆ ఎడం గాలి కోసమే కాదు, మనిషి వెనక్కి వెళ్లి చూడటానికి కూడా. తుపాను హెచ్చరిక వస్తే ముందు కప్పు చూసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇళ్ల కప్పులు లేచిపోయి లోపలి సామాను తడిసిపోవడం ఈ తీరంలో ఎవరూ మరచిపోలేదు. ఒక్కసారి తడిసిన బస్తాను విప్పి ఆరబెట్టకుండా వరసలో వదిలేస్తే పక్క బస్తాలూ పోతాయి.

పప్పుధాన్యాల విషయంలో ఇల్లాలి మాట వినండి

మాగాణిలో వరి కోశాక వేసే మినుము, పెసర ఫిబ్రవరి, మార్చిల్లో ఇంటికొస్తాయి. పుచ్చు పురుగు వాటితోపాటే పొలం నుంచి వస్తుంది. గింజను వెలుతురుకు పెట్టి చూస్తే మీద తెల్లటి చిన్న చుక్కలు అంటుకుని కనిపిస్తాయి. అవి గుడ్లు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తిన్నగా గింజలోకి తొలుచుకుపోతుంది. నాలుగు వారాలకు గుండ్రని కన్నం చేసుకుని బయటపడిన పెద్ద పురుగు ఏమీ తినదు, గుడ్లు పెట్టడమే దాని పని. అందుకే పప్పుధాన్యాల్లో నష్టం చూస్తుండగానే జరిగిపోతుంది.

దీనికి మన ఇళ్లలో ఆడవాళ్లు చేస్తూ వచ్చిన పనులు పరిశోధనల్లోనూ నిలబడ్డాయి. కిలో గింజలకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె గానీ ఆముదం గానీ పట్టిస్తే గుడ్లకు గాలి ఆడదు. బానలో గింజలు పోసి, పైన మూడు అంగుళాల మందాన పొడి ఇసుక వేస్తే పురుగు లోపలికి దిగి గుడ్లు పెట్టలేదు. తినడానికి ఉంచుకునేవాటిని పప్పుగా విసిరి దాచితే పుచ్చు చాలామటుకు తగ్గుతుంది. వేరుశనగ సంగతి దీనికి వ్యతిరేకం. విత్తులు ఒలిచి దాచకండి, కాయలుగానే ఉంచండి. వేపాకు, వావిలాకు వేయడం మంచిదే గానీ అవి తోడుగా మాత్రమే ఉపయోగపడతాయి. తడి గింజలో వేపాకు వేసి నిశ్చింతగా ఉండటం కన్నా పెద్ద పొరపాటు లేదు. ఆకు కూడా పూర్తిగా ఎండినదై ఉండాలి.

ఏప్రిల్ ఎండను ఇంకో రకంగా వాడుకోవచ్చు. నల్ల ప్లాస్టిక్ పట్టా మీద పెసలు పలచగా పరిచి, పైన తెల్లటి పారదర్శక పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టండి. మధ్యాహ్నం రెండు మూడు గంటల్లో లోపలి వేడి 55, 60 డిగ్రీలకు చేరి గింజలోని పిల్లపురుగులూ చస్తాయి. ఇది తినే సరుకుకే. విత్తనానికి అంత వేడి మంచిది కాదు.

ఇక గాలి చొరని సంచులు, డ్రమ్ములు. చిన్న రైతుకు వీటిని మించినది లేదన్నది నా అభిప్రాయం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల బొబ్బర్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. లోపల రెండు మందమైన పాలిథిన్ సంచులు, బయట ఒక నేత సంచి. ఒక్కోదాన్నీ విడివిడిగా మెలిపెట్టి బిగించి కట్టాలి. లోపల ఉన్న పురుగే ఆక్సిజన్ వాడేసుకుని, అది తగ్గేసరికి తిండి మానేసి చస్తుంది. మందు అక్కర్లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము కూడా ఇదే పని చేస్తుంది, నోటి దాకా నింపి మూత చుట్టూ టేపు వేస్తే చాలు. మాటిమాటికీ తెరవకూడదు, కాబట్టి నెలవారీ వాడుకకు వేరే డబ్బా పెట్టుకోండి. సముద్రపు గాలి లోపలికి రాదు కనుక మన ప్రాంతానికి ఇది రెండు విధాలా మేలు. ఒక్క షరతు: గింజ ముందే ఆరి ఉండాలి. పచ్చి గింజను గాలాడకుండా బంధిస్తే ముక్కిపోతుంది.

తినే బియ్యాన్ని వడ్లుగానే ఉంచుకుని, నెలకో రెండు నెలలకో సరిపడా ఆడించుకోవడం అన్నిటికన్నా మంచిది. పొట్టు దేవుడిచ్చిన కవచం. ఆడించిన బియ్యంలో పురుగు పడకుండా బోరిక్ పౌడరు కలిపే అలవాటు చాలా ఇళ్లలో, కొట్లలో ఉంది. అది కడిగితే పోతుందని నమ్ముకోవద్దు. ఆహారంలో కలపడానికి అనుమతి లేని పదార్థం అది. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

బిళ్లల జోలికి వెళ్లొద్దు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే అది ఇదే కావాలని నా కోరిక. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని ఇంట్లో వాడకండి. గాలిలోని తేమ తగలగానే ఆ బిళ్ల నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. మూడు గ్రాముల బిళ్ల ఒక గ్రాము వాయువునిస్తుంది. అది తలుపు సందుల్లోంచి, గోడ నెర్రెల్లోంచి పక్క గదిలోకి పాకుతుంది. అక్కడ పడుకున్న వాళ్లకు తెలియకుండానే ప్రాణం మీదికొస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసనో కుళ్లు చేప వాసనో వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు, ప్రమాదకరమైన మోతాదులో కూడా వాసన రాకపోవచ్చు. చట్టప్రకారం వీటిని ప్రభుత్వ సంస్థలకూ లైసెన్సున్న నిపుణులకూ తప్ప అమ్మకూడదు. పది, ఇరవై బిళ్లల గొట్టాలను 2001లోనే నిషేధించారు. ఎవరైనా దుకాణదారు పొట్లం కట్టి చేతిలో పెడితే తీసుకోకండి.

గోదాముల్లో బస్తాలెత్తే కళాసీ సోదరులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వరసల మీద పట్టాలు కప్పి అంచుల మీద ఇసుక గొట్టాలు పెట్టి ఉంటే లోపల పొగబెట్టారని అర్థం. ఆ పట్టా మీ చేత తీయించకూడదు. అది నిపుణుడి పని. తలుపులన్నీ తీసి గాలి ఆడించి, వాయువు పోయిందని పరికరంతో చూసి చెప్పాకే లోపలికి వెళ్లండి. అలా చెప్పమని అడగడం మీ హక్కు. బస్తాల మధ్య బూడిద రంగు పొడి కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, నీళ్లు చల్లకండి. తల తిరగడం, గుండె బిగబట్టినట్టుండటం, వాంతి, ఆయాసం వస్తే మనిషిని వెంటనే బయటి గాలికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. ఏ గోదాములో ఏం వాడారో డాక్టరుకు చెప్పండి.

దాచిన తర్వాత పదిహేను రోజులకోసారి చూడటం తప్పనిసరి. పురుగు ఒక తరం పూర్తి కావడానికి నెల పడుతుంది కనుక, పక్షానికోసారి చూస్తే రెండో తరం రాకముందే పట్టుకోవచ్చు. ఎక్కువ పని లేదు. బస్తా లోపలికి చెయ్యి పెట్టండి, వెచ్చగా తగిలితే పురుగో బూజో పని మొదలైనట్టే. గుప్పెడు గింజలు జల్లెడ పట్టి నుసి చూడండి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన ప్రోబ్ ట్రాప్ అనే కన్నాల గొట్టం దొరికితే బస్తాలో గుచ్చి ఉంచండి. తిరుగాడే పురుగులు అందులో పడి అడుగుకు చేరతాయి, కంటికి కనిపించని దశలోనే సంగతి తెలిసిపోతుంది. పురుగు కనిపించిన బస్తాను అదే గదిలో విప్పొద్దు. బయటికి తీసుకెళ్లి, ఎండలో పోసి, జల్లించి, శుద్ధి చేసిన సంచిలోకి మార్చండి. సందేహం ఏదైనా ఉంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు.

విత్తనం వడ్లను మాత్రం మే నెలలో తప్పకుండా పరీక్షించండి. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచండి. 80కి తగ్గకుండా మొలిస్తే ఆ విత్తనం పొలానికి పనికొస్తుంది. తగ్గితే, మందు పట్టించని వడ్లయితే మిల్లుకు పంపి ఆడించుకోండి, మందు పట్టించినవైతే మనుషులకూ పశువులకూ పెట్టకండి. ఆ రోజే రైతు సేవా కేంద్రానికి వెళ్లి కొత్త విత్తనానికి పేరు రాయించుకోండి. జూన్ వానలు పడ్డాక వెళ్తే మీకు కావలసిన రకం దొరక్కపోవచ్చు.